ఎయిర్ హోస్టెస్ ఉద్యోగం: మన నెల్లూరు, ప్రకాశం వాళ్లు అడిగే ప్రశ్నలు, నా జవాబులు

మాది కావలి. 2017 నుంచి విమానాల్లో క్యాబిన్ క్రూగా చేస్తున్నాను. బేస్, అంటే డ్యూటీ మొదలై ముగిసే ఊరు, చెన్నై. ఎక్కువగా దేశంలోపలి సర్వీసులే, మధ్యలో రెండేళ్లు గల్ఫ్ రూట్లు. ఇంటికి వెళ్లిన ప్రతిసారీ ఎవరో ఒకరు వాళ్ల అమ్మాయిని వెంటబెట్టుకుని వస్తారు. సింగరాయకొండ నుంచి, ఒంగోలు నుంచి, నెల్లూరు వేదాయపాళెం నుంచి ఫోన్లు వస్తాయి. అందరూ అడిగేవి ఇంచుమించు అవే. చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టి ఇక్కడ రాసి పెట్టాను. కంపెనీల పేర్లు రాయను.

మా అమ్మాయి ఇంటర్ పాసైంది. ఈ ఉద్యోగానికి ఏం కావాలి?

ఇంటర్ చాలు. ఏ గ్రూపైనా ఫర్వాలేదు. 18 ఏళ్లు నిండాలి, పైన ఇరవై ఏడు దాకా చాలా కంపెనీలు కొత్తవాళ్లను తీసుకుంటాయి. ఆడపిల్లలకు ఎత్తు మామూలుగా 155 సెంటీమీటర్లు అడుగుతారు. యూనిఫాం వేసుకున్నాక కనిపించేచోట పచ్చబొట్టు ఉండకూడదు. మోచేతి దాకా పచ్చబొట్టు పొడిపించుకుని ఇంటర్వ్యూకు వచ్చిన పిల్లను గుమ్మం దగ్గరే వెనక్కి పంపడం నేను చూశాను. పాస్‌పోర్టు ముందే చేయించి పెట్టుకోండి. సెలెక్ట్ అయ్యాక పోలీస్ వెరిఫికేషన్ కోసం పరుగులు పెట్టడం అనవసరమైన టెన్షన్.

రంగు గురించి అందరూ గొంతు తగ్గించి అడుగుతారు. నేను చామనఛాయ కంటే ఒక పిసరు ఎక్కువే. ఉద్యోగం వచ్చింది, ఇంకా ఉంది.

అకాడమీలో చేరాలా? లక్షన్నర ఫీజు అంటున్నారు.

చేరాలన్న రూలేమీ లేదు. సెలెక్ట్ అయిన ప్రతి ఒక్కరికీ ఎయిర్‌లైన్ తన సొంత ట్రైనింగ్ మొదటి నుంచీ ఇస్తుంది. అకాడమీ సర్టిఫికెట్ ఉందని అందులో ఒక్క రోజు కూడా తగ్గదు. నలుగురిలో నోరు తెరవడానికి భయపడే పిల్లకు ఆ ఆరు నెలలు కొంత ధైర్యం ఇస్తాయి, కాదనను. కానీ ఆ ధైర్యానికి లక్షన్నర ఎక్కువ. మా బ్యాచ్‌లో ఇరవై నాలుగు మందిమి ఉంటే అకాడమీ నుంచి వచ్చింది ఐదుగురు. మిగతావాళ్లం డిగ్రీ కాలేజీల నుంచి, కాల్ సెంటర్ల నుంచి వచ్చినవాళ్లం. ఒకమ్మాయి బట్టల షాపులో సేల్స్‌లో చేసి వచ్చింది, బ్యాచ్ ఫస్ట్ ఆమే.

డబ్బు కడితే ఉద్యోగం గ్యారంటీ అని ఫోన్ వచ్చింది. నమ్మొచ్చా?

వద్దు. ఇంటర్వ్యూకు గానీ, ఆఫర్ లెటర్‌కు గానీ, "యూనిఫాం డిపాజిట్" పేరుతో గానీ ఫోన్‌పేలో డబ్బు అడిగితే అది మోసమే. ఖాళీలు కంపెనీ సొంత వెబ్‌సైట్లో ఉంటాయి, అక్కడ చూసుకోండి. అయితే ఉద్యోగంలో చేరేటప్పుడు కొన్నిచోట్ల బాండ్ ఉంటుంది. ఇన్నేళ్లలోపు మానేస్తే ఇంత కట్టాలని అందులో రాసి ఉంటుంది. అది వేరే సంగతి. సంతకం పెట్టేముందు ఆ కాగితం చదవండి, నాయన చేతా చదివించండి.

తెలుగు మీడియంలో చదివింది. ఇంగ్లిష్ సరిగ్గా రాదు.

నాకూ రాలేదు. కావలిలో పదో తరగతి దాకా తెలుగు మీడియమే. వాళ్లు చూసేది యాస కాదు, అడిగిన దానికి గాభరా పడకుండా జవాబు చెబుతున్నావా లేదా అని. రోజూ పేపరు గట్టిగా చదవడం ఒక్కటే నేను చేసింది. హిందీ కూడా కావాలి. దాన్ని మనవాళ్లు మరిచిపోతారు. ఢిల్లీ సెక్టార్‌లో హిందీ లేకుండా మంచినీళ్లు కూడా పంచలేం.

తెలుగు వృథా పోతుందనుకోకండి. గల్ఫ్ రూట్లో చేసేటప్పుడు కువైట్ ఫ్లైట్ ఎక్కితే ఉదయగిరి, కలిగిరి, కనిగిరి వైపు అక్కలు కనిపించేవాళ్లు. ఇళ్లలో పనికి పోతుండేవాళ్లు. కాగితాలున్న ప్లాస్టిక్ కవరు గుండెకు అదుముకుని కూర్చుంటారు. బెల్టు పెట్టుకోవడం తెలియదు, అడగడానికి మొహమాటం. ఒకామె టేకాఫ్ అయిన దగ్గర్నుంచీ భోజనం ముట్టలేదు. "తినక్కా, దీనికి డబ్బులు అక్కర్లేదు, టిక్కెట్లోనే కట్టేశారు" అన్నాను. "నువ్వు మనూరి పిల్లవా!" అని నా చేయి పట్టుకుంది. దిగేదాకా తన ఇద్దరు పిల్లల ఫొటోలు చూపిస్తూనే ఉంది.

ట్రైనింగ్‌లో ఏం నేర్పిస్తారు? మేకప్, నడకేనా?

మేకప్‌కు రెండు మూడు రోజులు. మిగతా నెలలన్నీ నిప్పు, నీళ్లు, పొగ, రక్తం.

పొగతో నిండిన గదిలోకి తలకు హుడ్ తొడిగి పంపిస్తారు, లోపల బొమ్మ మనిషిని వెతికి బయటికి లాక్కురావాలి. స్విమ్మింగ్ పూల్‌లో లైఫ్ జాకెట్ వేసుకుని దూకి, తెప్ప ఎక్కి, ఇంకొకరిని ఎక్కించాలి. మాది సముద్రం పక్క ఊరైనా అప్పటిదాకా తుమ్మలపెంట బీచ్‌లో మోకాలి లోతు దాటి పోలేదు నేను. ఆ పూల్ రోజున ఏడ్చాను. గుండె ఆగిన మనిషికి ఛాతీ నొక్కడం, గొంతులో ముద్ద అడ్డం పడితే తీయడం, విమానంలోనే నొప్పులొస్తే కాన్పు చేయడం ఇవన్నీ పరీక్షలే. మా బ్యాచ్‌లో ప్రతి పేపరుకూ నూటికి ఎనభై రావాలి. రెండోసారీ తప్పితే ఇంటికే. ముగ్గురు అలా వెళ్లిపోయారు.

సెల్‌ఫోన్ బ్యాటరీ అంటుకుంటే ఏం చేయాలో మీకు తెలుసా? మంట ఆర్పగానే పని అయిపోదు. లోపల వేడి ఇంకో సెల్‌కు పాకి మళ్లీ అంటుకుంటుంది. అందుకే మంట ఆర్పాక నీళ్లు పోస్తూ చల్లబరచాలి. ఐస్ పెట్టకూడదు. ఐస్ దుప్పటిలా కప్పి వేడిని లోపలే పట్టి ఉంచుతుంది. ఫోన్ సీటు సందులో జారిపోతే సీటు కదపకండి, మమ్మల్ని పిలవండి అని చెప్పేది కూడా ఇందుకే. సీటు కింద నలిగితే ఆ బ్యాటరీయే నిప్పురవ్వ.

అసలు పని ఏంది? టీ, కాఫీ ఇవ్వడమేగా?

మా పెదనాన్న ఇప్పటికీ ఇదే అంటాడు. "హోటల్లో సర్వర్ పనే, కాకపోతే పైన." ఆయనకు చెప్పిన జవాబే మీకూ చెబుతాను.

టీ ఇవ్వడానికే అయితే విమానంలో ఇంతమంది ఉండాలని చట్టం అడగదు. మన దేశంలో లెక్క ప్రతి 50 సీట్లకు ఒకరు. అందుకే 180, 186 సీట్లున్న ఎయిర్‌బస్ ఏ320లో నలుగురం ఉంటాం, 78 సీట్ల ఏటీఆర్‌లో ఇద్దరు. ఆ లెక్క ఆకలిని బట్టి వేసింది కాదు, తలుపులను, బయటపడే జనాన్ని బట్టి వేసింది. విమానం మోడల్‌కు అనుమతి ఇచ్చే ముందే, సగం తలుపులు మూసి, చీకట్లో, నిండా జనంతో 90 సెకన్లలో ఖాళీ అవుతుందని తయారీ కంపెనీ నిరూపించాలి. ఆ సగం తలుపుల దగ్గర నిలబడేది మేమే.

తలుపు గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే నా ఉద్యోగం మొత్తం దానిలోనే ఉంది. విమానం బయలుదేరేముందు "ఆర్మ్ డోర్స్ అండ్ క్రాస్ చెక్" అని వినే ఉంటారు. ఏ320 తలుపుకు ఒక చిన్న లివర్ ఉంటుంది, దానికి ఒక పిన్ను, పిన్నుకు ఎర్ర రిబ్బన్. పిన్ను తీసి, లివర్ కిందికి నొక్కితే తలుపు కింద మడిచి ఉన్న జారుడు స్లైడ్ గుమ్మం దగ్గర విమానం ఫ్లోర్‌కు తగులుకుంటుంది. ఆ తర్వాత ఎవరు తలుపు తీసినా స్లైడ్ దానంతటదే కొన్ని సెకన్లలో గాలి నిండి బయటికి విచ్చుకుంటుంది. నిప్పంటుకున్నప్పుడు అదే ప్రాణం. మామూలు రోజున పొరపాటున విచ్చుకుంటే లక్షల్లో ఖర్చు, విమానం ఆగిపోతుంది, కింద ఎవరైనా నిలబడి ఉంటే పెద్ద దెబ్బే. మా భాషలో దానికంటే పెద్ద తప్పు లేదు.

నేను దాదాపు చేశాను. రెండో ఏడాది. నాలుగో సెక్టార్, అంటే ఆ డ్యూటీలో నాలుగో ఫ్లైట్, రాత్రి ఒంటిగంటన్నర. బయట నిచ్చెన వచ్చింది, ఎవరో అద్దం మీద తట్టారు. నా చేయి లివర్ మీదికి పోకుండా నేరుగా హ్యాండిల్ మీదికి పోయింది. కొంచెం లేచింది, అంతే. తలుపు మీద చిన్న తెల్ల లైటు వెలిగింది. స్లైడ్ ఇంకా తగులుకునే ఉందని దాని అర్థం. పక్కనున్న సీనియర్ అక్క నా మణికట్టు పట్టుకుంది. ఒక్క మాట అనలేదు. హ్యాండిల్ మెల్లగా దించి, లివర్ లేపి, పిన్ను పెట్టి, రిబ్బన్ కనిపించేలా లాగి, అప్పుడు తీశాను. దిగిపోయే ప్రయాణికులకు నమస్తే చెబుతుంటే మోకాళ్లు వణుకుతున్నాయి. ఇప్పటికీ ప్రతి తలుపు దగ్గరా గొణుక్కుంటూ చేస్తాను, లివర్, పిన్ను, రిబ్బన్, లైటు అని. పక్కవాళ్లు నవ్వినా సరే.

టేకాఫ్ అప్పుడు మేం జంప్‌సీట్లో, అంటే క్రూకు ఉండే మడత సీట్లో, చేతులు తొడల కింద పెట్టుకుని బిగుసుకుని కూర్చోవడం చూసి పొగరు అనుకుంటారట కొందరు. ఆ అర నిమిషం లోపల ఒక పాఠం నడుస్తుంటుంది. ఇప్పుడే ఏదైనా అయితే నా తలుపు ఏది, మొదట ఏం అరవాలి, సాయం చేయగల బలమైన మనిషి ఏ సీట్లో ఉన్నాడు, పసిబిడ్డ ఎక్కడ. 2024 జనవరి 2న టోక్యో హనేడా ఎయిర్‌పోర్టులో విమానం మంటల్లో చిక్కుకుంటే లోపలున్న 379 మందీ బయటపడ్డారు. ఆ రోజు నుంచి పెదనాన్న సర్వర్ అనడం కొంచెం తగ్గించాడు.

జీతం ఎంత?

అందరూ చివర్లో, వెళ్లిపోతూ గుమ్మం దగ్గర అడిగే ప్రశ్న ఇది. నా మొదటి నెల చేతికొచ్చింది 34,000. కంపెనీని బట్టి, రూట్లను బట్టి మారుతుంది కాబట్టి మీ అమ్మాయికి ఇంత వస్తుందని నేను చెప్పలేను. కానీ లెక్క ఎట్లా కడతారో చెబుతాను.

కొంత స్థిరమైన జీతం. దాని మీద ఎగిరిన గంటలకు ఇంత అని. బయటి ఊళ్లో రాత్రి ఉంటే దానికి వేరే అలవెన్స్. ఇందులో "ఎగిరిన గంట" అనే మాట దగ్గరే అందరూ పడిపోతారు. విమానం చక్రాల కింద దిమ్మలు తీసినప్పుడు గడియారం మొదలవుతుంది, గమ్యంలో దిమ్మలు పెట్టగానే ఆగిపోతుంది. నిద్ర లేచింది, జడ వేసింది, క్యాబ్‌లో కూర్చుంది, బ్రీఫింగ్, విమానమంతా సీటు సీటుకూ వెతికి చూసింది, జనాన్ని ఎక్కించింది, రెండు సెక్టార్ల మధ్య గంటన్నర పార్కింగ్‌లో ఏసీ లేక చెమటలు కక్కింది, ఏదీ ఆ గంటల్లోకి రాదు. నాలుగు సెక్టార్ల రోజు పదకొండు గంటల డ్యూటీ చేస్తే నాకు ఎగిరిన లెక్కలో పడింది ఐదున్నర గంటలు. ఫ్లైట్ లేటైతే ప్రయాణికులు మమ్మల్ని తిడతారు. ఆ లేటు మాకూ ఉట్టి చాకిరీయే.

వర్షాల్లో గంటలు తగ్గుతాయి, చేతికొచ్చేది తగ్గుతుంది. జ్వరమొస్తే తగ్గుతుంది. కాబట్టి బండి ఈఎంఐ, ఇంటి అప్పు ఏదైనా పెట్టుకుంటే స్థిరమైన జీతం చూసి పెట్టుకోండి, మంచి నెల చూసి కాదు. చెన్నైలో మేం పల్లావరం, నంగనల్లూరు వైపు నలుగురు కలిసి ఇల్లు తీసుకుంటాం. అద్దె, తిండి, మేకప్ సామాను పోను మొదటి ఏడాది ఇంటికి నెలకు పదివేలు పంపగలిగాను.

పండగలకు ఇంటికి రావచ్చా?

రావచ్చు, రోస్టర్ దయతలిస్తే. రోస్టర్ అంటే ఏ రోజు ఎక్కడికి అని ముందుగా వచ్చే పట్టిక. అందులో స్టాండ్‌బై అని ఒక గడి ఉంటుంది. యూనిఫాం ఇస్త్రీ చేసి పెట్టుకుని, బ్యాగ్ సర్దుకుని, ఫోన్ పక్కన కూర్చోవాలి. పిలిస్తే పోవాలి, పిలవకపోతే అలాగే కూర్చోవాలి. సినిమాకు పోలేవు, నెత్తికి నూనె పెట్టుకోలేవు. జనం ఎక్కువ ప్రయాణం చేసేది పండగలకే కదా, మాకు అప్పుడే పని ఎక్కువ. తొమ్మిది సంక్రాంతుల్లో నేను భోగి మంట చూసింది రెండుసార్లు.

ఉద్యోగం రాకముందు నెల్లూరు రొట్టెల పండగలో, స్వర్ణాల చెరువులో నిలబడి ఉద్యోగం రొట్టె పట్టుకున్నాను. కోరిక తీరితే మరుసటి ఏడు వచ్చి రొట్టె వదలాలి, ఆ రొట్టె ఇంకొకరు తీసుకుంటారు. నాకు ఉద్యోగం వచ్చింది. మరుసటి ఏడాది బారాషహీద్ దర్గా దగ్గర ఆ అయిదు రోజులూ నా రోస్టర్‌లో గౌహతి, కోల్‌కతా, స్టాండ్‌బై, కోల్‌కతా, హైదరాబాద్. అమ్మే పోయి నా బదులు రొట్టె ఇచ్చి వచ్చింది. తీసుకున్న అమ్మాయి ఏం ఉద్యోగం కోరుకుందోనని అమ్మ ఇంకా అప్పుడప్పుడు తలుచుకుంటుంది.

రెండు రోజులు వరసగా ఆఫ్ వస్తే చెన్నై సెంట్రల్‌లో పినాకిని ఎక్కేస్తాను. విమానాశ్రయం నుంచి సెంట్రల్‌కు మెట్రో నేరుగా ఉంది. కావలిలో దిగేసరికి సాయంత్రం. మరుసటి రోజు మధ్యాహ్నం మామిడికాయ వేసిన చేపల పులుసు, నిద్ర, సాయంత్రం తిరుగు ప్రయాణం. ఆ ఒక్క రోజులో ఎవరింట్లోనైనా పేరంటం పెట్టుకుని "రాలేదేం" అంటే మాత్రం నాకు కోపం వస్తుంది.

బ్రీత్ అనలైజర్ అంటే ఏంది? మా అమ్మాయి తాగదు కదా.

తాగనివాళ్లే దీంట్లో ఎక్కువ భయపడాలి. డ్యూటీకి ముందు నోటితో ఊదాలి, సున్నా రావాలి. డ్యూటీకి 12 గంటల ముందు నుంచి మద్యం ముట్టకూడదన్నది రూలు. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్, టూత్ జెల్ కూడా వాడకూడదు. మొదటిసారి దొరికితే మూడు నెలలు ఇంట్లో కూర్చోవాలి, రెండోసారి మూడేళ్లు.

ఇప్పుడు అమ్మలు వినండి. ఆకలి పుట్టడానికి, నీరసానికి మనం ఇచ్చే ద్రాక్షారిష్టం, దశమూలారిష్టం ఉన్నాయే, అరిష్టం అన్నదల్లా పులియబెట్టి చేసేదే. పులిస్తే ఆల్కహాల్ పుడుతుంది. కొన్ని దగ్గు మందుల్లోనూ ఉంటుంది. "పిల్ల చిక్కిపోయింది" అని మా అమ్మ ఒకసారి నా బ్యాగ్‌లో అరిష్టం సీసా పెట్టి పంపింది. రూమ్మేట్ చూసి సీసా లాక్కుంది కాబట్టి సరిపోయింది. ఆ సీసా మా ఇంటి ఓనరమ్మకు ఇచ్చాం, ఆమెకు బాగా ఆకలి పుట్టిందట.

జలుబు చేసినా పోవాలా?

పోకూడదు. ముక్కు దిబ్బడ ఉన్నప్పుడు ఎగిరితే చెవిలో గాలి సర్దుకోదు. దిగేటప్పుడు చెవిలో మేకు దింపినట్టు ఉంటుంది, కర్ణభేరి చిరిగిపోవచ్చు కూడా. అన్‌ఫిట్ అని చెప్పి మానేయాలి. చెప్పడానికి కొత్తపిల్లలు భయపడతారు, గంటలు పోతాయని, మేనేజర్ ఏమంటారోనని. నా బ్యాచ్‌మేట్ ఒకామె అట్లాగే పోయి ఆరు వారాలు కూర్చుంది.

ఆరోగ్యం పాడవుతుందంటారు, నిజమేనా?

కొంత నిజమే. విమానం ముప్పై అయిదు వేల అడుగుల్లో ఉన్నా లోపలి గాలి ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉన్నట్టుగా ఉంటుంది. తేమ చాలా తక్కువ. పెదాలు పగులుతాయి, జుట్టు రాలుతుంది, నాలుకకు రుచి మందగిస్తుంది. పైన తినే ఉప్మా చప్పగా ఉందంటే తప్పు వంటవాడిది ఒక్కడిదే కాదు. ట్రాలీ లాగి లాగి నడుము, నిలబడి నిలబడి పిక్కల్లో నరాలు. ఒక రోజు తెల్లవారుజామున మూడింటికి లేచి, ఇంకో రోజు మూడింటికి పడుకోవడం వల్ల నెలసరి గతి తప్పుతుంది. ఇది ఎవరూ బయటికి చెప్పరు, క్రూ గదుల్లో మాత్రం అందరం ఇదే మాట్లాడుకుంటాం. రాత్రి షిఫ్టు పనిని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2007లోనే "బహుశా క్యాన్సర్ కారకం" అనే జాబితాలో పెట్టింది. ఆకాశంలో పైకి పోయేకొద్దీ అంతరిక్షం నుంచి వచ్చే రేడియేషన్ కూడా కింద కంటే ఎక్కువ.

భయపెట్టడానికి చెప్పడం లేదు. ఉద్యోగంలో చేరకముందే రక్తం పరీక్ష చేయించి ఐరన్, థైరాయిడ్ చూసుకోండి. నేను మూడో ఏడాదిలో చూసుకున్నాను, ఆలస్యమైంది.

అహ్మదాబాద్ ప్రమాదం చూశాక పంపాలంటే భయంగా ఉంది.

2025 జూన్ 12న ఆ విమానంలో ఉన్న 242 మందిలో ఒక్కరే బతికారు. అందులో పన్నెండు మంది క్రూ, ఇద్దరు పైలట్లు, పదిమంది క్యాబిన్. ఆ రోజు నాకు మధ్యాహ్నం డ్యూటీ. అమ్మ పదిహేడుసార్లు ఫోన్ చేసింది, నేను గాల్లో ఉన్నాను. దిగాక మాట్లాడితే ఏమీ అనలేదు, "తిన్నావా" అంది.

ఆ రాత్రి మళ్లీ ఫ్లైట్ ఉంది. బ్రీఫింగ్ గదిలో ఎవరూ ఎవరి మొహం చూడలేదు. సేఫ్టీ డెమో చేస్తుంటే మొదటిసారి క్యాబిన్ అంతా తలెత్తి చూసింది. మామూలు రోజుల్లో ఫోన్లోంచి తల ఎత్తరు కదా. భయం వద్దని నేను చెప్పను. మన హైవే మీద రోజూ బస్సులో పోయేవాళ్లకు కూడా ఆ మాట చెప్పలేను.

ప్రయాణికులు అసభ్యంగా ప్రవర్తిస్తే?

జరుగుతుంది. పిలవడానికి బెల్లు ఉన్నా నడుం మీద తడతారు. వీడియో తీస్తారు. మొదట హెచ్చరిస్తాం, తర్వాత మా క్రూలో పెద్ద అయిన లీడ్‌కు, కెప్టెన్‌కు చెబుతాం, దిగాక భద్రతా సిబ్బందికి అప్పగిస్తాం. 2017లో వచ్చిన నిబంధనల ప్రకారం నోటి దురుసుకు మూడు నెలల దాకా, చేయి చేసుకుంటే ఆరు నెలల దాకా, ప్రాణం మీదికి తెస్తే రెండేళ్లు, ఆపైన విమానం ఎక్కకుండా నిషేధించవచ్చు. కాగితం మీద బాగానే ఉంది. అక్కడ రిపోర్ట్ రాస్తూ కూర్చుంటే క్యాబ్ వెళ్లిపోతుంది, రేపటి డ్యూటీకి నిద్ర చాలదు. అందుకే చాలామంది మింగేస్తారు. నేను రాస్తాను. ఇప్పటికి నాలుగు రాశాను.

పెళ్లి సంబంధాలు వస్తాయా? పిల్లలు పుడితే ఉద్యోగం పోతుందా?

పూర్వం పోయేది. తొలి కాన్పుకే ఎయిర్ హోస్టెస్‌ను తీసేసే రూలును 1981లో నర్గేష్ మీర్జా కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఇప్పుడు గర్భమని తెలిసినప్పటి నుంచి గాల్లో డ్యూటీ వేయరు. చట్టప్రకారం మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల జీతంతో కూడిన ప్రసూతి సెలవు ఉంది. అయితే గాల్లో డ్యూటీ ఆగిన ఆ నెలల్లో ఎగిరే గంటల డబ్బు రాదు. దానికి ముందే సర్దుబాటు చేసుకోవాలి.

సంబంధాల విషయం. వస్తాయి. వచ్చి, "పెళ్లయ్యాక మానేస్తుంది కదా" అంటారు. ఒకరు "రాత్రిళ్లు హోటళ్లలో ఉంటారంట కదా" అని మా నాయన ముందే అడిగారు. ఆయన "గూడ్స్ గార్డులూ రాత్రిళ్లు రన్నింగ్ రూములో పడుకుంటారు, వాళ్ల పెళ్లాలను ఇట్లాగే అడుగుతారా" అన్నాడు. నాయన రైల్వేలోనే రిటైరయ్యాడు. ఆ సంబంధం అంతటితో సరి.

మగపిల్లలు చేయొచ్చా?

నిక్షేపంగా. ఎత్తు 170 పైన అడుగుతారు. ఆడపిల్లలంత ఎక్కువగా తీసుకోరు, అదొక్కటే.

పైలట్ అవ్వాలంటే?

ఇది వేరే దారి. ఇంటర్‌లో ఫిజిక్స్, మేథ్స్ కావాలి. మన దగ్గర ఎంపీసీ చదవని పిల్లవాణ్ని వెతకాల్సిందే కాబట్టి అది కష్టం కాదు. 200 గంటలు నడిపి, విమానయానాన్ని చూసే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ పెట్టే పరీక్షలు పాసైతే కమర్షియల్ లైసెన్స్. ఖర్చు యాభై లక్షల పైమాటే, పెద్ద విమానం నడిపే టైప్ రేటింగ్ కలిస్తే ఇంకా పైన. పొలం అమ్మేముందు ఒక పని చేయండి. క్లాస్ 2, క్లాస్ 1 మెడికల్ పరీక్షలు ముందే చేయించండి. రంగులు గుర్తుపట్టడంలో లోపం లాంటిది ఫీజు కట్టాక బయటపడితే ఆ డబ్బు తిరిగి రాదు. లైసెన్స్ చేతికొచ్చాక కూడా ఉద్యోగం కోసం ఏళ్లు ఎదురుచూస్తున్న పిల్లలు నాకు తెలుసు.

మన నెల్లూరు జిల్లా దగదర్తిలో ఎయిర్‌పోర్టు వస్తే ఇక్కడే ఉండి చేయొచ్చా?

2019 జనవరిలో శంకుస్థాపన అయినప్పుడు మా వీధంతా నన్ను ఇదే అడిగింది. ఎయిర్‌పోర్టు ఉన్నచోటల్లా క్రూ బేస్ ఉండదు. విమానాలు రాత్రి నిలబెట్టే పెద్ద ఊళ్లలోనే ఉంటుంది. ఇప్పటికైతే మనకు చెన్నై, హైదరాబాద్, బెంగళూరే. క్యాబ్ వచ్చి తీసుకెళ్లేంత దూరంలో ఉండాలి మరి.

విమానం మన ఊరి మీదుగా పోతుందా? ఇల్లు కనిపిస్తుందా?

చిన్నపిల్లలు అడిగే ప్రశ్న ఇది, నాకు ఇష్టమైనదీ ఇదే. విశాఖ నుంచి చెన్నై వచ్చేటప్పుడు చాలాసార్లు తీరం వెంబడే వస్తాం. పగలైతే రొయ్యల చెరువులు పలకలు పరిచినట్టు మెరుస్తాయి, పెన్న సముద్రంలో కలిసే చోట ఇసుక తిన్నెలు, ఇంకా కిందికి పులికాట్ సరస్సు. ఇల్లు మాత్రం కనిపించదు, ఊరు ఎక్కడుందో తెలుస్తుంది. కిటికీ పక్కన కూర్చుంటే మీరు చూడొచ్చు. సరిగ్గా అక్కడే విమానం దిగడం మొదలుపెడుతుంది. మా కావలి పక్కకు వచ్చేసరికి నేను చేతికి గ్లవ్స్ వేసుకుని, చెత్త సంచీ పట్టుకుని, వెనక వరసల్లో ఖాళీ కప్పులు అడుగుతూ ఉంటాను.